పంటి తొడుగు ఎంపిక: మెటల్, సిరామిక్, జిర్కోనియా, ఈమ్యాక్స్‌లలో ఏ పంటికి ఏది తగినది?

రూట్ కెనాల్ చికిత్స ముగిసిన రోజున, నోటి తిమ్మిరి ఇంకా వదలకముందే, చాలామంది చేతికి ఒక ధరల కాగితం వస్తుంది. అందులో మెటల్ క్యాప్, సిరామిక్ క్యాప్, జిర్కోనియా, ఈమ్యాక్స్ అని వరుసగా పేర్లు, వాటి పక్కన ఒకదాన్ని మించి ఒకటి పెరిగే ధరలు, కొన్నిటి ఎదుట ఐదేళ్ళు, పదేళ్ళు, పదిహేనేళ్ళు అంటూ వారంటీలు ఉంటాయి. ఆ కాగితం చూసిన మనిషికి పై వరుసలో ఉన్నది నాసిరకమని, కింద ఉన్నది మేలురకమని, తన ఆర్థిక స్తోమతను బట్టి ఎంత కిందికి దిగగలడో తేల్చుకోవడమే మిగిలిందని అనిపించడం సహజం. ఈ వ్యాసం ఆ అభిప్రాయాన్ని సరిచేయడానికే రాస్తున్నాను. పంటి తొడుగుల్లో అన్ని పళ్ళకూ మేలైనది అంటూ ఏదీ లేదు. ఆ పన్ను నోటిలో ఎక్కడ ఉంది, అందులో ఎంత గట్టి భాగం మిగిలింది, దానికి ఎదురుగా ఏ పన్ను వచ్చి ఆనుతోంది, ఆ మనిషి ఏమి నములుతాడు, నిద్రలో పళ్ళు కొరుకుతాడా అన్న విషయాలు తేలిన తర్వాతే పదార్థం మాట రావాలి. ఒకే మనిషి నోటిలో వెనుక దవడ పంటికి మెటల్ తొడుగు, ముందు పంటికి ఈమ్యాక్స్ తొడుగు సరైన ఎంపికలు కావచ్చు.

అసలు తొడుగు అవసరమేనా?

పదార్థం ఎంచుకునే ముందు ఈ ప్రశ్న వేసుకోవాలి, ఎందుకంటే తొడుగు కోసం అరగదీసిన పన్ను మళ్ళీ పెరగదు. పంటి పైపొర అయిన ఎనామెల్‌ను తయారుచేసిన కణాలు పన్ను చిగురులోంచి బయటికి వచ్చేసరికే అంతరించిపోతాయి కనుక, ఒకసారి తీసేసిన ఎనామెల్ తీసేసినట్టే.

రూట్ కెనాల్ చేసిన దవడ పళ్ళకు తొడుగు వేయించుకోమని వైద్యులు చెప్పడం వెనుక గట్టి కారణం ఉంది. పంటిలో నరం తీసేస్తే పన్ను ఎండి పెళుసవుతుందని మన ఇళ్ళలో అంటూ ఉంటారు గానీ, అసలు కారణం వేరు. పుచ్చు తినేసిన భాగం, దాన్ని శుభ్రం చేస్తూ తీసిన భాగం, పంటి వేర్ల లోపలికి దారి చేయడానికి తొలిచిన భాగం కలిసి పంటి నడుమ పెద్ద గొయ్యి పడుతుంది. చుట్టూ మిగిలిన గోడలు పలచనై, ఆవకాయలోని టెంక ముక్కనో మాంసంలోని ఎముకనో కొరికినప్పుడు అవి విచ్చుకుని నిలువునా చీలిపోవచ్చు. ఆ చీలిక చిగురు కిందికి, వేరులోకి దిగితే పన్ను పీకించుకోవడం తప్ప సాధారణంగా వేరే దారి ఉండదు. తొడుగు ఆ గోడలను చుట్టూ బిగించి పట్టి ఉంచుతుంది. పీపాకు ఇనుపకట్టు చేసే పని ఇదే. ఈ పళ్ళ విషయంలో తొడుగును నెలల తరబడి వాయిదా వేయడం మంచిది కాదు. నొప్పి పోయింది కదా అని ఆగినవారిలో ఎంతోమంది పన్ను విరిగిన తర్వాతే తిరిగి వెళ్తారు.

ముందు పళ్ళ సంగతి వేరు. వాటి మీద నమలే బరువు నేరుగా పడదు. వెనుకవైపు నుంచి చిన్న రంధ్రం చేసి రూట్ కెనాల్ ముగించి, మిగతా పన్నంతా గట్టిగా ఉంటే, ఆ రంధ్రాన్ని ఫిల్లింగ్‌తో మూసి ఊరుకోవచ్చు. దవడ పళ్ళలో కూడా నష్టం ఒకవైపుకే పరిమితమైనప్పుడు పూర్తి తొడుగుకు బదులు, కొరికే తలాన్ని మాత్రం కప్పే ఆన్లే అనే పాక్షిక తొడుగు సరిపోతుంది. దీనికి పన్ను తక్కువగా అరగదీస్తారు. ఈ మాట వైద్యుడు తనంతట తాను ఎత్తకపోతే అడగడం మన హక్కు.

ఇంకో షరతు కూడా ఉంది. తొడుగు నిలవాలంటే చిగురుకు పైన, చుట్టూ కనీసం ఒకటిన్నర నుంచి 2 మిల్లీమీటర్ల ఎత్తున గట్టి పన్ను మిగిలి ఉండాలి. అది లేని పంటి మీద ఎంత ఖరీదైన తొడుగు పెట్టినా, లోపల పోస్టు (పంటి వేరులోకి దించే చిన్న కడ్డీ) దించి కట్టిన కట్టడంతో సహా ఊడి రావచ్చు, లేదా పంటి వేరు చీలిపోవచ్చు. అలాంటి పన్ను విషయంలో అది ఎంతకాలం నిలుస్తుందని వైద్యుణ్ణి సూటిగా అడిగి, ఆ తర్వాతే డబ్బు ఖర్చు పెట్టాలి.

పేర్ల వెనుక ఉన్న పదార్థాలు

ముందుగా ఒక అయోమయం తీర్చుకోవాలి. మన ఊళ్ళలో సిరామిక్ క్యాప్ అన్న మాటకు ఎక్కువ చోట్ల అర్థం, లోపల లోహపు గిన్నె ఉండి దాని మీద పింగాణీ పూత కాల్చిన తొడుగు. దంతవైద్యులు దీన్ని పి.ఎఫ్.ఎం. అంటారు. జిర్కోనియా, ఈమ్యాక్స్ కూడా సిరామిక్కులే, కానీ వాటిలో లోహం ఉండదు. అందుచేత సిరామిక్ వేస్తామని అన్నప్పుడు లోపల లోహం ఉంటుందా, ఉండదా అని అడగాలి. ఈ ఒక్క ప్రశ్నతో సగం గందరగోళం పోతుంది.

మెటల్ తొడుగు మొత్తం లోహంతోనే తయారవుతుంది. ఇప్పుడు మన దగ్గర ఎక్కువగా వాడేవి నికెల్–క్రోమియం, కోబాల్ట్–క్రోమియం మిశ్రమాలు. వెనకటి రోజుల్లో కలిగినవారు బంగారు తొడుగు వేయించుకునేవారు. దానికి వాడేది నగల బంగారం కాదు. మేలిమి బంగారం మెత్తన కాబట్టి రాగి, వెండి, పలాడియం, ప్లాటినం వంటివి కలిపి గట్టిపరచిన మిశ్రమం. పంటి అంచుకు కచ్చితంగా కూర్చోవడంలోనూ, ఎదుటి పంటిని అరగదీయకుండా దానితో సమంగా అరగడంలోనూ బంగారు మిశ్రమానికి ఇప్పటికీ గొప్ప పేరుంది. బంగారం ధర ఉన్న తీరులో అది అందరికీ అందేది కాదు, చేసే ల్యాబులు కూడా తక్కువే. మామూలు మెటల్ తొడుగులో తేడా రంగుదే. గట్టిదనానికి లోటు లేదు, పెచ్చులు ఊడటం లేదు, అన్నిటికంటే ముఖ్యంగా పన్నును తక్కువగా అరగదీస్తే చాలు: పక్కల్లో అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు, కొరికే తలంలో ఒకటి నుంచి ఒకటిన్నర మిల్లీమీటర్లు. ధరల కాగితంలో మొదట ఉన్నంత మాత్రాన దీన్ని పేదవాడి తొడుగని తీసిపారేయడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

నికెల్ పడనివారు మాత్రం జాగ్రత్తగా ఉండాలి. గిల్టు నగలు, చవక చెవిపోగులు పెట్టుకున్నప్పుడు చెవి తమ్మెలు దురదపెట్టి రసి కారే అనుభవం ఉన్న స్త్రీలు ఆ సంగతి వైద్యుడికి ముందే చెప్పాలి. చెవులు కుట్టించుకోవడం వల్ల నికెల్ తగిలే అవకాశం ఎక్కువ కనుక ఈ ఇబ్బంది మగవారిలో కంటే ఆడవారిలోనే హెచ్చు. వారికి నికెల్ లేని లోహమో, లోహమే లేని తొడుగో ఎంచాలి. మెటల్ అయినా పి.ఎఫ్.ఎం. అయినా లోహంలో నికెల్ ఉందా అని అడగవలసిందే.

పి.ఎఫ్.ఎం. తొడుగు 1960ల నుంచి ప్రపంచమంతటా వాడుకలో ఉంది. లోపలి లోహం బలాన్నిస్తే, పైన కాల్చిన పింగాణీ పంటి రంగునిస్తుంది. ఇప్పుడు వాడే సిరామిక్కుల్లో ఇంత సుదీర్ఘమైన అనుభవం ఉన్న రకం మరొకటి లేదు, అది చిన్న విషయం కాదు. దీనికి మూడు లోపాలున్నాయి. మొదటిది, లోహానికీ పింగాణీకీ రెండింటికీ చోటు కావాలి కాబట్టి పన్నును ఎక్కువగా అరగదీయాలి. పక్కల్లో ఒకటింబావు నుంచి ఒకటిన్నర, కొరికే తలంలో ఒకటిన్నర నుంచి 2 మిల్లీమీటర్లు. రెండవది, పింగాణీ పొర అప్పుడప్పుడు పెచ్చుగా లేస్తుంది. మూడవది, వయసుతో చిగురు వెనక్కి తగ్గినప్పుడు అంచు దగ్గర లోహం నల్లటి గీతలా బయటపడుతుంది. మా మేనత్త ఒకావిడ ముందు పంటికి ఇలాంటి తొడుగు వేయించుకుని ఆరేడేళ్ళు నిక్షేపంగా ఉన్నారు. ఆ తర్వాత ఆ గీత కనబడటం మొదలైనప్పటి నుంచి ఫొటోలో నోరు మూసుకునే నవ్వుతున్నారు. తొడుగు విరగలేదు, కదలలేదు, కొలతల ప్రకారం చూస్తే అది విజయవంతమైన తొడుగే. అయినా ఆ పంటికి అది సరైన ఎంపిక కాదు.

పి.ఎఫ్.ఎం.లో డి.ఎం.ఎల్.ఎస్. అని మరో పేరు వినబడుతుంది. లోపలి లోహపు గిన్నెను కరిగించి పోతపోయడానికి బదులు కోబాల్ట్–క్రోమియం పొడిని లేజరుతో పొరలు పొరలుగా అతికించి తయారుచేస్తారు. ఆ విధానంలో అంచులు బాగా కుదురుతాయని చెబుతారు, నికెల్ ఉండదు కూడా. పైన పింగాణీ మాత్రం అదే కనుక పెచ్చులూడటం, చిగురు దగ్గర గీత వంటి బాధలు వేరే పేరు పెట్టినంత మాత్రాన తప్పవు.

జిర్కోనియా అంటే జిర్కోనియం ఆక్సైడ్. దీన్ని కంప్యూటరులో గీసిన నమూనా ప్రకారం మెత్తగా ఉన్న దిమ్మలోంచి చెక్కి, ఆపైన కొలిమిలో కాల్చి గట్టిపరుస్తారు. వంపుకు తట్టుకునే బలాన్ని మెగాపాస్కల్స్‌లో కొలుస్తారు. మొదటి తరం జిర్కోనియాకు అది సుమారు వెయ్యి, పి.ఎఫ్.ఎం. పైనుండే పింగాణీకి దాదాపు వంద, ఆ చుట్టుపక్కలే. ఈ అంకె చూపించే జిర్కోనియా విరగదని అమ్ముతారు. అయితే ఆ పేరు కింద రెండు మూడు వేర్వేరు వస్తువులు ఉన్నాయి. అందులో కలిపే ఇట్రియా అనే మరో ఆక్సైడ్ పాళ్ళు పెంచితే వెలుగు లోపలికి చొరబడి సహజమైన మెరుపు వస్తుంది, కానీ బలం తగ్గుతుంది. ముందు పళ్ళ కోసం చేసే పారభాసక జిర్కోనియా బలం మొదటి రకంలో దాదాపు సగానికి, కొంచెం అటూ ఇటూగా, పడిపోతుంది. అంటే ముందు పంటికి ఎంచిన జిర్కోనియాకు, వెనుక పంటికి ఎంచిన జిర్కోనియాకు పేరొక్కటే.

ఇందులోనే మరో తేడా ఉంది. మొత్తం ఒకే దిమ్మతో చేసిన తొడుగు ఒకటి, జిర్కోనియా గిన్నె మీద పింగాణీ పూత పూసింది మరొకటి. పూత ఉన్నదానికి అందం ఎక్కువ, కానీ విరిగేది ఆ పూతే. గిన్నె వెయ్యి మెగాపాస్కల్స్ బలంతో చెక్కుచెదరక నిలబడినా పైన పెచ్చు లేచిపోతే ఉపయోగం లేదు. దవడ పంటికి జిర్కోనియా ఎంచుకుంటే, కొరికే తలంలో పూత లేని ఏకశిల లాంటి తొడుగే కావాలని అడగాలి. దీనికి పన్నును అరగదీసేది కూడా తక్కువ, ఇంచుమించు మెటల్ తొడుగుతో సమానం.

జిర్కోనియా గట్టిది కనుక ఎదుటి పంటిని అరగదీస్తుందన్న భయం చాలామందిలో ఉంది. పరిశోధనలు చెప్పేది కొంత భిన్నంగా ఉంది: బాగా నునుపుగా మెరుగుపెట్టిన జిర్కోనియా ఎదుటి ఎనామెల్‌ను పింగాణీ కంటే తక్కువగానే అరగదీస్తుంది. గరుకుగా వదిలేసినది మాత్రం ఆకురాయిలా పనిచేస్తుంది. అతికించిన తర్వాత ఎత్తు సరిచేయడానికి వైద్యుడు డ్రిల్లుతో అక్కడక్కడ అరగదీసినప్పుడు, ఆ చోట్లను మళ్ళీ మెరుగుపెట్టారా లేదా అన్నదే అసలు ప్రశ్న. నాలుకతో తడిమి చూస్తే మనకే తెలుస్తుంది. గరుకు తగిలితే మొహమాటపడకుండా చెప్పాలి. దీనికి ఇంకో అసౌకర్యం ఉంది. తొడుగు కింద పంటిలో తర్వాత ఎప్పుడైనా ఇన్‌ఫెక్షన్ వచ్చి లోపలికి దారి చేయవలసి వస్తే, జిర్కోనియాను తొలచడం కష్టమైన పని.

ఈమ్యాక్స్ అన్నది లీష్టెన్‌స్టైన్ దేశపు సంస్థ ఇవోక్లార్ వారి వ్యాపార నామం. పదార్థం పేరు లిథియం డైసిలికేట్, అది ఒక రకమైన గాజు సిరామిక్. బలం దాదాపు 400 మెగాపాస్కల్స్. జిర్కోనియా కంటే తక్కువ, మామూలు పింగాణీ కంటే చాలా ఎక్కువ. దీని సుగుణం అందం ఒక్కటే కాదు. ఇది గాజు కాబట్టి దీని లోపలి తలాన్ని ఆమ్లంతో గరుకుచేసి, రెసిన్ సిమెంటుతో పంటికి గట్టిగా అతికించవచ్చు. జిర్కోనియాను ఆ విధంగా ఆమ్లంతో గరుకుచేయడం కుదరదు. పొట్టిగా మిగిలిన పన్ను విషయంలోనూ, పాక్షిక తొడుగు విషయంలోనూ ఈ అతుకు ఎంతో ఉపయోగపడుతుంది. దీనికి లోటు ఏమిటంటే అతికించే పని చాలా పొడిగా, ఓపికగా జరగాలి; లాలాజలమో, చిగురు నుంచి కారే రక్తమో తగిలితే అతుకు బలహీనపడుతుంది. చిగుళ్ళు వాచి ఉన్న మనిషి ముందు వాటికి చికిత్స చేయించుకుని, అవి నెమ్మదించాక ఈ పనికి కూర్చోవాలి. అంతేకాక, లోపలి పన్ను నల్లబడి ఉన్నా, లోహపు పోస్టు ఉన్నా ఈమ్యాక్స్ గుండా ఆ నలుపు బయటికి కనిపించవచ్చు. అక్కడ వెలుగును అడ్డుకునే పదార్థమే మేలు.

ఇన్ని తేడాలున్నా, సరైన పంటికి సరిగా అమర్చినప్పుడు ఈ రకాలన్నీ ఐదేళ్ళ తర్వాత చూసినా వందకు 90కి పైగా నిలిచే ఉంటున్నాయని అధ్యయనాలు చెబుతున్నాయి. ఇది గుర్తుంటే ధరల కాగితం ముందు భయం తగ్గుతుంది.

ఏ పంటికి ఏది?

వెనుక దవడ పళ్ళు, ముఖ్యంగా రెండవ దవడ పన్ను, నవ్వినా మాట్లాడినా బయటికి కనిపించవు. నమలేటప్పుడు ఎక్కువ బరువు పడేది వీటి మీదే. కింది దవడలోని చివరి పళ్ళు సహజంగానే పొట్టిగా ఉంటాయి కనుక ఎక్కువ అరగదీస్తే తొడుగుకు పట్టు దొరకదు. ఈ స్థానంలో నా మొగ్గు మెటల్ తొడుగు వైపే, రంగు పట్టింపు ఉంటే ఏకశిల జిర్కోనియా వైపు. ఇక్కడ పి.ఎఫ్.ఎం. ఎంచుకోవడానికి నాకు పెద్ద కారణం కనబడదు. రంగు కోసం పన్నును అదనంగా కోల్పోతాం, ఆ రంగు చూసేవారు ఎవరూ ఉండరు. పి.ఎఫ్.ఎం. ధరకే రంగూ గట్టిదనమూ రెండూ కావాలనుకునేవారికి మధ్యేమార్గం ఒకటుంది: బుగ్గవైపు మాత్రం పింగాణీ, కొరికే తలం లోహం. దీన్ని ఫేసింగ్ ఉన్న మెటల్ క్యాప్ అంటారు. అడిగితే ఎక్కువ ల్యాబులు చేస్తాయి.

నిద్రలో పళ్ళు కొరికే అలవాటు ఉన్నవారు, ఏళ్ళ తరబడి వక్కలు నమిలినవారు పింగాణీ పూత ఉన్న ఏ తొడుగుకైనా దూరంగా ఉండటం మంచిది. ఉదయం లేవగానే దవడలు నొప్పిగా ఉండటం, పళ్ళ కొనలు అరిగి చదునుగా కావడం ఈ అలవాటుకు గుర్తులు. వీరికి ఏ తొడుగు వేసినా రాత్రిపూట పెట్టుకునే నైట్ గార్డు కూడా చేయించాలి; లేకపోతే విరిగేది తొడుగు కాకపోతే ఎదుటి పన్ను అవుతుంది.

కోరపన్నుకు వెనుక ఉండే చిన్న దవడ పళ్ళు రెండు బాధ్యతలూ మోస్తాయి. నవ్వినప్పుడు కనిపిస్తాయి, నమలే బరువునూ భరిస్తాయి. పై దవడలోని ఈ పళ్ళు రూట్ కెనాల్ తర్వాత నిలువునా చీలే ప్రమాదం ఎక్కువ కనుక వీటికి తొడుగు తప్పనిసరి అని చెప్పవచ్చు. ఈమ్యాక్స్, పారభాసక జిర్కోనియా, పి.ఎఫ్.ఎం. మూడూ ఇక్కడ సమర్థనీయమే; స్తోమతను బట్టి నిర్ణయించుకోదగిన చోటు ఏదైనా ఉందంటే ఇదే.

ముందు పళ్ళ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఒక పంటికి మాత్రమే తొడుగు వేస్తూ పక్క పంటితో కలిసిపోవాలంటే ఈమ్యాక్స్, లేదా చేయి తిరిగిన టెక్నీషియన్ పూతపూసిన జిర్కోనియా మంచి ఫలితం ఇస్తాయి. రంగు ఎంచేటప్పుడు పగటి వెలుతురులో, లిప్‌స్టిక్ లేకుండా, ఆ రోజు పని మొదలుకాకముందే చూడమని అడగాలి. నోరు చాలాసేపు తెరిచి ఉంచితే పళ్ళు ఆరి, ఉన్నదానికంటే తెల్లగా కనిపిస్తాయి. అప్పుడు ఎంచిన రంగు తర్వాత తప్పుతుంది. పక్క పన్ను ఏ3 రంగులో ఉంటే తొడుగు అంతకంటే తెల్లనైన ఏ1లో కావాలని పట్టుబట్టేవారిని చూశాను (ఇవి దంతవైద్యుల రంగుల పట్టికలోని గుర్తులు). పళ్ళు తెల్లబరచుకునే ఉద్దేశం ఉంటే ముందు ఆ పని ముగించి, కనీసం రెండు వారాలు ఆగి, రంగు స్థిరపడ్డాక తొడుగు రంగు ఎంచుకోవాలి. తొడుగు రంగు తర్వాత మారదు.

నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగిన ఎంతోమంది పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు ఉంటాయి. పెళ్ళి కుదిరే వేళకో ఉద్యోగం ఇంటర్వ్యూకో వాటిని పోగొట్టుకోవాలనే ఆరాటంలో, ఆరోగ్యంగా ఉన్న ఆరు, ఎనిమిది ముందు పళ్ళను చుట్టూ చెక్కించి తొడుగులు వేయించుకున్న పిల్లలు నాకు తెలుసు. ఇరవై రెండేళ్ళ వయసులో వేసిన తొడుగును జీవితంలో కనీసం రెండుమూడుసార్లు మార్చవలసి వస్తుంది, మార్చిన ప్రతిసారీ పన్ను మరికొంత తరుగుతుంది. ముందు పళ్ళ మీద 2002లో ప్రచురితమైన ఒక కొలతల అధ్యయనం ప్రకారం, పూర్తి తొడుగు కోసం చిగురుపైన కనిపించే పంటిలో 63 నుంచి 72 శాతం వరకు పోతుంది. ముందువైపు మాత్రం అతికించే వెనీర్ అనే పలచని రేకుకు పోయేది 3 నుంచి 30 శాతం. అందుకే ఈ మచ్చలకు మొదట పైపొరను స్వల్పంగా తీసే మైక్రో అబ్రేషన్, బ్లీచింగ్, అవి చాలకపోతే కాంపోజిట్ అనే పంటి రంగు ఫిల్లింగ్ పదార్థపు పూత, ఆ తర్వాత వెనీర్లు, అవి కూడా కుదరని లోతైన గుంటలుంటేనే తొడుగులు అన్న వరుసలో వెళ్ళాలి. ఈ వరుస తప్పించి నేరుగా తొడుగుల దగ్గరికి తీసుకెళ్ళే చోట రెండో వైద్యుడి అభిప్రాయం తీసుకోమని తల్లిదండ్రులను వేడుకుంటున్నాను.

పిల్లల పాల దవడ పళ్ళకు ఈ చర్చ అంతా అక్కరలేదు. రెడీమేడ్‌గా దొరికే స్టెయిన్‌లెస్ స్టీల్ తొడుగు ఒకే విడతలో వేస్తారు, పది పన్నెండేళ్ళ వయసులో పాలపన్నుతో పాటు అదీ ఊడిపోతుంది. ఒక్క జాగ్రత్త మాత్రం: ఆరేళ్ళ వయసులో అన్నిటికంటే వెనుక మొలిచే పన్ను పాలపన్ను కాదు, జీవితాంతం ఉండవలసిన శాశ్వత దవడ పన్ను. అది పుచ్చితే ఎలాగూ ఊడుతుందిలే అని వదిలేయకూడదు.

ధర, వారంటీ

ధరలు ఊరిని, క్లినిక్కును, ల్యాబును బట్టి మారుతాయి, కానీ మెటల్, పి.ఎఫ్.ఎం., జిర్కోనియా, ఈమ్యాక్స్ అన్న పెరిగే వరుస సాధారణంగా అన్ని చోట్లా ఇంచుమించు ఇదే. అడగవలసింది ఒక్క తొడుగు ధర కాదు. రూట్ కెనాల్, పంటి లోపల కట్టే కోర్, అవసరమైతే పోస్టు, తాత్కాలిక తొడుగు, ఎక్స్‌రేలు అన్నీ కలిపి ఎంతవుతుందో కాగితం మీద రాయించుకోవాలి.

జిర్కోనియాతో వచ్చే వారంటీ కార్డును చదివి చూస్తే, అది సాధారణంగా తొడుగు విరిగితే కొత్తది చేసిస్తామని ల్యాబు ఇచ్చే మాట. తొడుగు కింద పన్ను పుచ్చినా, వేరుకు చీము పట్టినా, చిగురు జబ్బుతో పన్ను కదిలినా అది వర్తించదు. పోయే తొడుగుల్లో పెద్ద భాగం పోయేది సరిగ్గా ఈ కారణాల వల్లే. కాబట్టి ఐదేళ్ళ వారంటీకి, పదిహేనేళ్ళ వారంటీకి మధ్య ఉన్న ధర తేడాను, ఆ డబ్బు పెట్టి మంచి ప్రోస్థోడాంటిస్టు దగ్గర పని చేయించుకోవడంతో పోల్చి చూడాలి. తొడుగులు, కట్టుడు పళ్ళలో ఎం.డి.ఎస్. చదివినవారిని ఆ పేరుతో పిలుస్తారు. ఆ కార్డు మీద నంబరు ఉంటే, అది నిజమైనదా కాదా అని తయారీదారుల దగ్గర సరిచూసుకోవచ్చు, పారేయకుండా దాచుకోవాలి.

ఖర్చు భారమయ్యేవారికి హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంతవైద్య కళాశాల, విజయవాడ, కడపల్లోని ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు ఉన్నాయి. అక్కడ విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో పని చేస్తారు కనుక ఎక్కువసార్లు తిరగవలసి వస్తుంది, కానీ ప్రతి దశనూ మరొకరు పరీక్షించి చూస్తారు. రోజులు వెచ్చించగలిగినవారికి అది చక్కని మార్గం.

సెలవులకు వచ్చి వేయించుకునేవారు

అమెరికా, ఇతర దేశాల నుంచి మూడు వారాల సెలవు మీద వచ్చి, అక్కడి ఖర్చు భరించలేక ఇక్కడ తొడుగులు వేయించుకునే మనవాళ్ళు చాలామంది. ఆలోచన మంచిదే, క్రమమే తారుమారవుతుంది. పెళ్ళిళ్ళు, తిరుపతి ప్రయాణాలు ముగించుకుని ఆఖరి వారంలో దంతవైద్యుడి దగ్గరికి వెళ్తే, రూట్ కెనాల్ కుదుటపడకముందే తొడుగు పడుతుంది, ఎత్తు సరిచూసుకునే వ్యవధి ఉండదు. దిగిన మూడు నాలుగు రోజుల్లోపే మొదటి పని మొదలుపెట్టాలి, తొడుగు అతికించిన తర్వాత కనీసం వారం రోజులు ఇక్కడే ఉండి, అన్ని రకాల తిండీ తిని చూసుకోవాలి. తిరిగి వెళ్ళేటప్పుడు ఎక్స్‌రేలు, ఏ పదార్థం, ఏ సిమెంటు వాడారన్న వివరం రాయించుకుని తీసుకువెళ్తే అక్కడి వైద్యుడికి ఉపయోగపడుతుంది. అలాంటివారికి దవడ పంటి విషయంలో ఏకశిల జిర్కోనియా, మెటల్ అనుకూలం. అతుకు మీద ఎక్కువగా ఆధారపడే తొడుగుల పనిని హడావుడిగా చేయించుకోకూడదు.

అతికించే ముందు చూడవలసినవి

పదార్థం ఏదైనా, తొడుగు అంచు పంటితో కలిసే చోట సందు ఉంటే అందులో ఆహారం చేరి పన్ను లోపలినుంచి పుచ్చుతుంది. మెటల్, జిర్కోనియా తొడుగుల గుండా ఎక్స్‌రే పోదు కనుక ఆ పుచ్చు బాగా ముదిరేదాకా బయటపడదు. నాకు ఒకసారి వేసిన తొడుగు చూడటానికి ముత్యంలా ఉండేది, కానీ పక్క పంటితో ఆనకపోవడంతో అన్నం తిన్న ప్రతిసారీ పీచు ఇరుక్కునేది. సర్దుకుంటుందిలే అని ఏడాదిన్నర ఊరుకున్నాను. ఆ తొడుగుకు ఏమీ కాలేదు, కానీ పక్కనున్న మంచి పన్ను పుచ్చి, దానికీ ఫిల్లింగ్ పడింది.

అందువల్ల శాశ్వత సిమెంటు పెట్టకముందే తొడుగును పంటి మీద ఊరికే కూర్చోబెట్టి చూపించమని అడగాలి. పళ్ళ మధ్య ఫ్లాస్ దారం దూర్చితే రెండువైపులా కాస్త బిగువుగా దిగాలి. వదులుగా జారిపోయినా, అసలు దిగకపోయినా సరిచేయాలి. రంగు కాగితం కొరికినప్పుడు ఆ పన్ను మిగతావాటికంటే ముందు తగలకూడదు. ఆ సమయంలో ఆ పంటికి మత్తు ఉంటే ఎత్తు మనకు తెలియదు కనుక, వీలైతే మత్తు లేకుండానే ఈ పరీక్ష చేయమనాలి. ముందు పన్ను అయితే అద్దం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి చూసుకోవాలి. వెంట వచ్చిన ఇంటివారినీ చూడమనాలి. రంగు నచ్చకపోతే, అంచు గుచ్చుకుంటే, ల్యాబుకు తిప్పి పంపమని అడగడానికి సంకోచించకూడదు. సిమెంటు గట్టిపడిన తర్వాత ఆ తొడుగును సాధారణంగా కోసి తీయడం తప్ప మరో మార్గం ఉండదు. అతికించాక అంచు చుట్టూ మిగిలిన సిమెంటును పూర్తిగా తీసి, ఒక ఎక్స్‌రే తీసి చూపించమనాలి. మొదటి వారంలో కొరికితే నొప్పి ఉంటే అలవాటవుతుందని ఓర్చుకోకుండా, మళ్ళీ వెళ్ళి ఎత్తు తగ్గించుకోవాలి.